నీళ్లు తాగితే బరువు తగ్గుతారా? తరచుగా అడిగే ప్రశ్నలు

బరువు తగ్గాలనుకున్న వాళ్లకు అందరూ ముందుగా చెప్పే మాట "నీళ్లు బాగా తాగు" అని. పైసా ఖర్చు లేని సలహా కాబట్టి చెప్పడం సులువు. ఎంత తాగాలి, ఎప్పుడు తాగాలి, ఎవరు తాగకూడదు అనేది మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. డైట్ సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే వాటిని వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. కిడ్నీ, గుండె, లివర్ జబ్బుల్లో ఏది ఉన్నా మీ డాక్టరును అడగకుండా నీళ్లు పెంచకండి.

## మొదలుపెట్టే ముందు

నీళ్లు తాగితే నిజంగా కొవ్వు కరుగుతుందా?

కరగదు. కొవ్వును కరిగించి బయటికి పంపే గుణం నీళ్లకు లేదు. బరువు విషయంలో నీళ్ల వల్ల మేలు రెండు రకాలుగా జరుగుతుంది. భోజనానికి ముందు తాగితే కడుపు కొంత నిండి, నాలుగు ముద్దలు తక్కువ తింటాం. కూల్‌డ్రింకో, జ్యూసో, చక్కెర టీయో తాగే చోట నీళ్లు తాగితే ఆ చక్కెర ఒంట్లోకి వెళ్లదు. ఈ రెండింట్లో ఏదీ జరగకపోతే, ఉన్న తిండికి తోడు ఇంకో రెండు లీటర్ల నీళ్లు తాగినా కొవ్వు కదలదు.

రోజుకు ఎన్ని లీటర్లు తాగాలి? ఒకరు ఎనిమిది గ్లాసులంటారు, ఇంకొకరు నాలుగు లీటర్లంటారు

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు సుమారు 8 గ్లాసులు, అంటే 2 లీటర్లు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతూ వచ్చింది. మామూలు రోజుల్లో, నీడ పట్టున పని చేసేవాళ్లకు ఈ లెక్క సరిపోతుంది. తిండిలోంచి వచ్చే నీరు దీనికి అదనం. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే. పప్పు, చారు, మజ్జిగ, దోసకాయ, పుచ్చకాయ, ముంజలు... వీటన్నిటి నుంచీ నీరు అందుతూనే ఉంటుంది.

1945లో అమెరికాలో వచ్చిన ఒక సిఫారసు రోజుకు రెండున్నర లీటర్ల నీరు అవసరమని చెప్పింది. అందులో చాలా భాగం తినే ఆహారంలోనే ఉంటుందని కూడా ఆ వెంటనే రాశారు. జనానికి మొదటి వాక్యమే గుర్తుండిపోయింది.

ఎండ, చెమట, పని ఈ లెక్కను మార్చేస్తాయి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పొలం పనికో, కట్టడం పనికో వెళ్లే మనిషికి 2 లీటర్లు ఏ మూలకూ రావు. ఏసీ గదిలో కూర్చునే మనిషికి 4 లీటర్లు అవసరం లేదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టే. ముదురు పసుపులో ఉంటే ఇంకో రెండు గ్లాసులు తాగండి. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజున మాత్రం రంగును నమ్మొద్దు. ఎంత నీళ్లు తాగినా ఆ రోజు మూత్రం పచ్చగానే వస్తుంది.

నీళ్లు తాగడం వల్ల ఎన్ని కిలోలు తగ్గుతానని అనుకోవచ్చు?

డైట్ పాటిస్తూ తాగితే మూడు నెలల్లో ఒకటి, రెండు కిలోల అదనపు ఫలితం రావచ్చు. అమెరికాలోని వర్జీనియాలో 55 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 48 మందిపై చేసిన పరిశోధన 2010లో వెలువడింది. అందరూ తక్కువ క్యాలరీల భోజనమే చేశారు. ఒక గుంపు మాత్రం మూడు పూటలా భోజనానికి ముందు అరలీటరు నీళ్లు తాగింది. 12 వారాలు గడిచేసరికి ఆ గుంపు రెండో గుంపు కంటే సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గింది.

2015లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఊబకాయం ఉన్న 84 మందితో ఇలాంటి ప్రయోగమే చేశారు. ఒక గుంపు భోజనానికి అరగంట ముందు అరలీటరు నీళ్లు తాగాలి. రెండో గుంపు కడుపు నిండినట్టు ఊహించుకుని భోజనానికి కూర్చోవాలి. 12 వారాల తర్వాత రెండు గుంపుల మధ్య తేడా సగటున 1.3 కిలోలు.

ఇవి చిన్న పరిశోధనలే. అయినా ఖర్చు లేని ఒక అలవాటుతో ఈమాత్రం వచ్చినా మంచిదేనని నా ఉద్దేశం. నీళ్లతోనే నెలకు పది కిలోలు తగ్గుతారని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

దాహం వేసినప్పుడు తాగితే చాలదా? గంటగంటకీ అలారం పెట్టుకోవాలా?

ఆరోగ్యవంతులకు అలారం అక్కర్లేదు, దాహాన్ని నమ్ముకోవచ్చు. వయసు పైబడిన వాళ్ల సంగతి వేరు. వాళ్లకు దాహం సరిగా తెలియదు. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే, వాళ్లు అడిగేదాకా చూడకుండా మీరే గ్లాసు చేతికివ్వండి.

## తాగడం మొదలుపెట్టాక

పరగడుపున లీటరున్నర నీళ్లు తాగమన్నారు. తాగలేకపోతున్నా, వికారంగా ఉంటోంది

అయితే మానేయండి. పొద్దున్నే నీళ్లు తాగడం మంచి అలవాటే. రాత్రంతా నీళ్లు పడని ఒంటికి హాయిగా ఉంటుంది, చాలామందికి విరేచనం కూడా సాఫీగా అవుతుంది. కానీ ఒకటి లేదా రెండు గ్లాసులతోనే ఆ మేలు జరుగుతుంది. బలవంతంగా లీటరున్నర పోసుకుంటే బరువు ఇంకా త్వరగా తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఒక గ్లాసు తాగండి, కాసేపటికి ఇంకొకటి తాగండి. మిగతాది రోజు మొత్తం మీద పంచుకోండి.

వేడినీళ్లు తాగితేనే కొవ్వు కరుగుతుందంటారు. ఇంకొకరు ఐస్ వాటర్ అంటారు. ఏది తాగాలి?

మీకు ఏవి ఎక్కువ ఇష్టంగా తాగబుద్ధేస్తే అవి.

వేడినీళ్లు కడుపులోకి వెళ్లి కొవ్వును కరిగించలేవు. కొవ్వు ఉండేది చర్మం కింద, పొట్ట లోపలి అవయవాల చుట్టూ. తాగిన నీళ్లు అక్కడికి వేడిగా చేరవు, దారిలోనే ఒంటి వేడికి వచ్చేస్తాయి.

చల్లటి నీళ్ల వాదన లెక్కకు నిలుస్తుంది, ఫలితానికి నిలవదు. 5 డిగ్రీల చల్లదనంలో ఉన్న అరలీటరు నీళ్లను 37 డిగ్రీలకు తేవడానికి ఒంటికి అయ్యే ఖర్చు 16 క్యాలరీలు. అది సగం ఇడ్లీకి కూడా చాలదు. అరలీటరు నీళ్లు తాగితే ఒంట్లో క్యాలరీల ఖర్చు కాసేపు 30 శాతం పెరుగుతుందని 2003లో జర్మన్ పరిశోధకులు రాశారు. ఆ మాట అప్పట్నుంచీ తిరుగుతూనే ఉంది. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అంత పెరుగుదల కనిపించలేదు.

అన్నం, చక్కెర పూర్తిగా మానేసి రోజుకు నాలుగు లీటర్లు తాగుతున్నా. వారంలోనే మూడు కిలోలు తగ్గాను. ఇది నీళ్ల మహిమేనా?

మీరు తగ్గింది నిజమే, కానీ అందులో ఎక్కువ భాగం ఒంట్లోని నీరు. మన శరీరం పిండి పదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయిపోతుంది, దాంతో ఉన్న నీరూ మూత్రంలో వెళ్లిపోతుంది. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే ఆ కిలోలు తిరిగొస్తాయి. అప్పుడు చాలామంది డైట్ చెడిపోయిందని కుంగిపోతారు. వచ్చింది కొవ్వు కాదు, నీరే.

ఈ పద్ధతిలో మొదటి రోజుల్లో ఉప్పు కూడా మూత్రంలో ఎక్కువగా పోతుంది. తల తిరగడం, కాళ్లు పీకడం, నీరసం అందుకే. ఉప్పు తగ్గించి, లీటర్ల కొద్దీ వట్టి నీళ్లు తాగితే ఆ నీరసం ఇంకా పెరుగుతుంది. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఇలాంటి డైట్‌ను డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టనే కూడదు. మాత్రల డోసు మార్చాల్సి వస్తుంది.

మా స్కూల్లో టాయిలెట్ సరిగా ఉండదు టీచర్లకే. నీళ్లు ఎలా తాగమంటారు?

ఈ ప్రశ్న అడిగేవాళ్లందరూ ఆడవాళ్లే. స్కూల్ టీచర్లు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లు, రోజూ బస్సులో దూరం ప్రయాణించేవాళ్లు. పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు ఆపేసిన నీళ్లు సాయంత్రం ఇంటికొచ్చాకే ముట్టుకుంటారు. అలా ఏళ్ల తరబడి చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, కిడ్నీ రాళ్లు, మలబద్ధకం వస్తాయి. శుభ్రమైన టాయిలెట్ లేకపోవడం మీ తప్పు కాదు. మీ పై అధికారిని అడగాల్సిన హక్కు అది, నలుగురూ కలిసి అడగండి.

ఈలోగా చేయగలిగింది కొంత ఉంది. నిద్ర లేచినప్పుడు రెండు గ్లాసులు తాగితే ఇంటి నుంచి బయల్దేరేలోపే ఒకసారి వెళ్లి రావచ్చు. పగలు ఒకేసారి గటగటా తాగకుండా కొద్దికొద్దిగా గుక్కలు వేస్తే మూత్రం అంత తొందరపెట్టదు. డబ్బాలో కీరా, బత్తాయి తొనలు పెట్టుకోండి. ఇంటికి రాగానే రెండు గ్లాసులు, రాత్రి భోజనానికి ముందు ఒకటి తాగండి.

## భోజనం దగ్గర

భోజనానికి ఎంతసేపటి ముందు తాగాలి?

అరగంట ముందు, రెండు గ్లాసులు. పరిశోధనల్లో వాడింది అరలీటరు. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్లకు ఒక గ్లాసున్నర చాలు. వయసు మళ్లినవాళ్లలో ఈ పద్ధతి బాగా పనిచేసింది. కుర్రవాళ్లలో కడుపు త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి అరగంట ముందు తాగిన నీళ్లు అంతగా ప్రభావం చూపలేదు. మీరు పాతికేళ్ల లోపువాళ్లైతే భోజనానికి కూర్చునే ముందే తాగి చూడండి.

మూడు పూటలా కుదరకపోతే, మీరు ఎక్కువగా తినే పూట ఏదో దానికి ముందు తాగండి. మన ఇళ్లలో చాలామందికి అది రాత్రి భోజనం.

భోజనం మధ్యలో నీళ్లు తాగితే పొట్ట వస్తుందా? జీర్ణరసాలు పల్చబడతాయంటారు కదా?

నీళ్ల వల్ల పొట్ట రాదు. కడుపులోని ఆమ్లం తిండిని బట్టి, నీటిని బట్టి ఊరుతూనే ఉంటుంది. ఒక గ్లాసు నీళ్లకు జీర్ణం ఆగిపోదు. భోజనానికి ముందు నీళ్లు తాగితే సన్నబడతారని, మధ్యలో తాగితే సమంగా ఉంటారని, చివర తాగితే లావెక్కుతారని ఆయుర్వేదంలో ఒక మాట ఉంది. అందులో మొదటి భాగం ఈనాటి పరిశోధనలతో కలుస్తుంది. చివర తాగితే లావెక్కుతారనడానికి ఆధునిక వైద్యంలో ఆధారం దొరకలేదు. ఆవకాయ కలిపిన ముద్ద గొంతుకు అడ్డం పడితే గ్లాసు పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చోనక్కర్లేదు. తాగండి. పులి తేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లు మాత్రం భోజనంతో పాటు ఎక్కువ నీళ్లు తాగకపోవడమే మేలు.

ఆకలేసినప్పుడల్లా నీళ్లు తాగి సరిపెట్టుకోవచ్చా?

వద్దు. సాయంత్రం ఊరికే ఏదో నమలాలనిపిస్తే ఒక గ్లాసు తాగి పది నిమిషాలు ఆగడం బాగానే పనిచేస్తుంది. అసలైన ఆకలిని మాత్రం నీళ్లు గంటసేపు కూడా ఆపలేవు. అలా అణిచిపెట్టుకున్న ఆకలి రాత్రి పదింటికి రెండింతలై వస్తుంది. కాలేజీ అమ్మాయిలు ఈ పని ఎక్కువగా చేస్తున్నారు. అసలే మన దగ్గర ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. ఆకలేస్తే గుడ్డో, గుగ్గిళ్లో, గుప్పెడు వేరుశనగలో తినండి.

## గ్లాసులో ఏముంది

నీళ్ల బదులు టీ, కాఫీ తాగితే లెక్కలోకి వస్తుందా?

నీటి లెక్కలోకి వస్తుంది. టీ, కాఫీ ఒంట్లో నీరంతా లాగేస్తాయన్నది నిజం కాదు, మామూలుగా తాగితే వాటి నీరు చాలావరకు ఒంటికి అందుతుంది. అసలు సమస్య చక్కెర. ఒక చెంచా అంటే సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులకు 40 గ్రాములు, 160 క్యాలరీలు. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మన ఇళ్లలో టీతోనే ఆ హద్దు దాటిపోతోంది.

నా దగ్గరికి వచ్చినవాళ్లకు నేను ముందుగా అడిగేది అన్నం గురించి కాదు, టీ గురించి. ఆ 160 క్యాలరీలు నెలకు 4,800 అవుతాయి. కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలని లెక్క. చక్కెర మానితే నెలకు అరకిలోకు పైగా తగ్గాలి. ఖర్చును ఒళ్లు కూడా కొంత తగ్గించుకుంటుంది కాబట్టి నిజంగా తగ్గేది ఇంకాస్త తక్కువ. అయినా సరే, అన్నం ముద్ద తగ్గించకుండా వచ్చే ఫలితం ఇది. నాలుగు కప్పుల్లో రెండింటి చోట నీళ్లు తాగండి, మిగతా రెండింట్లో చక్కెర వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది.

పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో తేనె, నిమ్మరసం తాగుతున్నా. మంచిదేనా?

నిమ్మరసం మంచిదే, సి విటమిన్ వస్తుంది. తేనె మాత్రం చక్కెరకు అన్నదమ్ముడే. పెద్ద చెంచాడు తేనెలో 60 క్యాలరీలకు పైగా ఉంటాయి. బరువు తగ్గడానికి తాగుతుంటే తేనె తీసేయండి. షుగర్ ఉన్నవాళ్లు అసలే వద్దు. రాగి చెంబులో పెట్టిన నీళ్లు తాగే అలవాటు ఉంటే అందులో నిమ్మకాయ పిండకండి, పులుపు తగిలితే రాగి నీళ్లలోకి దిగుతుంది.

జీలకర్ర నీళ్లు, మెంతి నీళ్లు, సబ్జా, డీటాక్స్ వాటర్... వీటిలో ఏది బాగా పనిచేస్తుంది?

వట్టి నీళ్లు తాగలేనివాళ్లకు రుచి కోసం ఇవి పనికొస్తాయి. ఒంట్లోని మలినాలను బయటికి పంపే పనిని కాలేయం, మూత్రపిండాలు చేస్తున్నాయి, వాటికి కీరా ముక్కల సాయం అక్కర్లేదు. నానిన సబ్జాలో పీచు ఉంటుంది, కడుపు నిండినట్టు అనిపిస్తుంది. ఎండాకాలంలో ఇష్టంగా తాగండి.

మజ్జిగ, కొబ్బరినీళ్లు, చెరకు రసం తాగొచ్చా?

పల్చటి మజ్జిగ నిరభ్యంతరంగా తాగొచ్చు. గ్లాసుకు ముప్పై, నలభై క్యాలరీలే, ఎండలో పోయిన ఉప్పు కూడా తిరిగొస్తుంది. మన ఎండలకు దీన్ని మించిన పానీయం లేదని నేను నమ్ముతాను. కొబ్బరి బొండంలో సుమారు 50 నుంచి 70 క్యాలరీలు ఉంటాయి, రోజుకు ఒకటి ఫర్వాలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. చెరకు రసం గ్లాసు వంద క్యాలరీలు దాటుతుంది, అంతా చక్కెరే. బత్తాయి జ్యూస్ బదులు బత్తాయి వలుచుకుని తినండి. రాగి జావ, జొన్న అంబలి మంచివే కానీ అవి తిండి లెక్కలోకి వస్తాయి, నీళ్ల లెక్కలోకి కాదు.

చక్కెర లేని కూల్‌డ్రింక్ తాగితే తప్పేంటి?

మామూలు కూల్‌డ్రింక్ 300 మిల్లీలీటర్లలో 30 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, దానితో పోలిస్తే నయమే. కానీ బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. రోజూ కూల్‌డ్రింక్ తాగేవాళ్లు మానడానికి మధ్యలో ఒక మెట్టుగా కొన్ని వారాలు వాడుకోండి. ఆ తర్వాత నీళ్లకు మారిపోండి.

మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఎక్కువ తాగమంటే ఎలా?

నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లు ఇలా అడగడం పూర్తిగా న్యాయమైన విషయం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్లు ఎంత ఎక్కువ తాగితే ఎముకలకు అంత హాని. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. నది నుంచి వచ్చే నల్లా నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో తాగడానికీ వంటకూ వాడండి. బోరు నీళ్లు మిగతా పనులకు ఉంచండి. సురక్షితమైన నీళ్లు దొరికాకే పరిమాణం పెంచండి.

## బరువు కదలనప్పుడు

నెల నుంచి మూడు లీటర్లు తాగుతున్నా, ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఎందుకు?

తిండి మారలేదు కాబట్టి. చాలామంది నీళ్లు పెంచి, మిగతాదంతా అలాగే ఉంచుతారు. రెండు రోజులు మీరు నోట్లో వేసుకున్న ప్రతిదీ రాసిపెట్టండి. టీతో తిన్న బిస్కెట్లు, పిల్లలు వదిలేస్తే పారేయలేక తిన్న నాలుగు ముద్దలు, టీవీ ముందు జంతికలు, కూరలో గరిటెడు నూనె బయటపడతాయి. వాటిలో రెండింటిని తగ్గించండి, పళ్లెంలో కూర పెంచి అన్నం తగ్గించండి, భోజనానికి ముందు నీళ్లు కొనసాగించండి.

బరువు చూసుకునే తీరు కూడా సరిచూసుకోండి. లీటరు నీళ్లు తాగి మిషన్ ఎక్కితే కిలో ఎక్కువ చూపిస్తుంది. వారానికి ఒకసారి, పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూడండి. నెలసరి ముందు ఒకటి, రెండు కిలోలు పెరగడం మామూలే. ఇవన్నీ పాటించినా కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

నాది నీరు శరీరం అంటారు. నీళ్లు తగ్గిస్తే ఒళ్లు తగ్గుతుందా?

తగ్గదు. ఒంట్లో నీరు నిలవడానికి సాధారణ కారణం ఉప్పు. పచ్చళ్లు, అప్పడాలు, చిప్స్ తగ్గిస్తే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే, లేదా పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉంటే అది లావు కాదు. గుండె, కిడ్నీ, లివర్ పరీక్షలు వెంటనే చేయించాలి.

## జాగ్రత్త పడాల్సిన వాళ్లు

మాది ఉద్దానం. కిడ్నీలు బాగుండాలంటే నీళ్లు ఎక్కువ తాగాలా?

ముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకంతగా ఉందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఫలితం మామూలుగా ఉంటే ఎండలో పనిచేసేటప్పుడు శుభ్రమైన నీళ్లు సరిపడా తాగడం అవసరం. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిని మూత్రం తగ్గి ఉంటే, తాగిన నీరు బయటికి పోక ఊపిరితిత్తుల్లో చేరుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ, లివర్ పాడై పొట్టలో నీరు చేరినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఎక్కువ నీళ్లు తాగితే ప్రమాదమా? నీళ్లే కదా?

తక్కువ సమయంలో చాలా ఎక్కువ తాగితే ప్రాణానికే ప్రమాదం. మూత్రపిండాలు గంటకు సుమారు ఒక లీటరు దాకానే బయటికి పంపగలవు. అంతకు మించితే రక్తంలో సోడియం పల్చబడి మెదడు వాస్తుంది. 2007లో అమెరికాలోని శాక్రమెంటోలో ఒక రేడియో పోటీలో నీళ్లు పందెం వేసి తాగిన మహిళ అదే రోజు చనిపోయింది. నీళ్లు ఎక్కువగా తాగాక తలనొప్పి, వాంతులు, తికమక మాటలు కనిపిస్తే నీళ్లు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విపరీతంగా దాహం వేస్తోంది, ఏమీ చేయకుండానే బరువు తగ్గుతున్నా. సంతోషించాలా?

వద్దు, రేపే షుగర్ పరీక్ష చేయించుకోండి. అతి దాహం, మాటిమాటికీ మూత్రం, ప్రయత్నించకుండా బరువు తగ్గడం, ఈ మూడూ కలిసి వస్తే అది చాలాసార్లు డయాబెటిస్. పిల్లల్లో ఇలా కనిపిస్తే ఆ రోజే తీసుకెళ్లాలి.

బరువు తగ్గే ఇంజెక్షన్ వేసుకుంటున్నా. ఆకలితో పాటు దాహం కూడా పోయింది

ఈ మందులతో చాలామందికి అలా జరుగుతుంది. వికారం, వాంతులు, విరేచనాలు కూడా కలిస్తే ఒళ్లు ఎండిపోయి కిడ్నీలకు దెబ్బ తగులుతుంది. దాహం కోసం చూడకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి, ఒకేసారి నిండు గ్లాసు తాగితే వికారం పెరుగుతుంది. మలబద్ధకానికి కూడా ఈ నీళ్లు అవసరం. రోజంతా వాంతులై నీళ్లు కూడా నిలవకపోతే, లేదా మూత్రం బాగా తగ్గిపోతే తర్వాతి డోసు వేసుకునే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.